అద్దంలోని ప్రతి

పద్యాలను గురించీ పలుకుబళ్ళను గురించీ వ్రాసుకునే ఈ శీర్షికలోకి ఈ వారం కంప్యూటరు చొరబడింది. చదువరులు క్షమించాలి. తెలుగులో ఎమ్మే చదివిన మనిషికి ఆ గొడవ ఎందుకని మా ఆవిడ ఏళ్ళ తరబడి అడుగుతూనే ఉంది. ఎందుకో చెప్పాలంటే మా మేనత్త దగ్గర మొదలుపెట్టాలి.

మా మేనత్తది ఉదయగిరికి అవతల, కొండల మొదట ఒక పల్లె. అక్షరం ముక్క రాదు గాని పాటలు గాదెలకొద్దీ వచ్చు. దంపుళ్ళ పాటలు, తిరగలి పాటలు, అప్పగింతల పాటలు, పసిపిల్లను నిద్రపుచ్చే పాటలు, ఎంతకూ నిద్రపోని పిల్లను తిట్టే పాటలు - ఒకటేమిటి! 2012 వేసవిలో నేనొక చిన్న రికార్డరు కొనుక్కుని వెళ్ళి ఆవిడ ముందు కూర్చున్నాను. "పాడు అత్తా" అంటే ఒక్కటీ గుర్తు రాలేదు. "చేతులు ముడుచుకుని కూచుంటే పాట యాడనించి వస్తుంది అబ్బయ్యా?" అన్నది. చివరకు వసారా మూల పడి ఉన్న తిరగలిని కడిగి, గుప్పెడు సజ్జలు పోసి ఆవిడ ముందు పెట్టాము. రాయి తిరగడంతోటే పాట వచ్చింది. రాయి ఆగితే పాటా ఆగేది. ఆ సాయంత్రం పధ్నాలుగు పాటలూ, రెండు శేర్ల పిండీ తేలాయి.

అప్పటినుంచి నాకది వ్యసనమైపోయింది. ఆత్మకూరు కాలేజీలో పాఠాలు చెప్పుకోవడం, సెలవు దొరికితే ఉదయగిరి వైపో, మర్రిపాడు వైపో బస్సెక్కి పోవడం, అవ్వల ముందు తిరగళ్ళు పెట్టడం. అయిదేళ్ళలో మూడువందల పైచిలుకు పాటలు చేరాయి. అన్నిటినీ తెచ్చి ఇంట్లో కంప్యూటరులో, ఒకే ఒక డిస్కులో పోస్తూ వచ్చాను. మా అత్త 2015లో పోయింది. పోయినా ఫరవాలేదు, గొంతు మన దగ్గర ఉన్నదిగదా అనుకున్నాను. అంత మాట అనుకోకూడదు.

2017 రోహిణీకార్తె. మా అనుమసముద్రంపేట ఎండలను గురించి తెలిసినవారికి చెప్పనక్కరలేదు. తెలియనివారికి చెప్పినా నమ్మరు. ఒక మధ్యాహ్నం కంప్యూటరులోంచి 'టక్... టక్... టక్' అని చప్పుడు మొదలైంది. గోడమీది బల్లి అనుకున్నాను. బల్లి కాదు.

హార్డ్ డిస్కు అన్నది పేరుకు పెట్టెగాని లోపల అద్దంలా మెరిసే పళ్ళేలు నిమిషానికి అయిదు వేలో, ఏడు వేలో చుట్లు తిరుగుతూ ఉంటాయి. వాటి మీద ముల్లు వంటి చెయ్యి తేలుతూ చదువుతూ, వ్రాస్తూ ఉంటుంది. ఆ ముల్లుకూ పళ్ళేనికీ మధ్య ఎడం వెంట్రుక మందంలో కొన్ని వేలవ వంతు. 1956లో ఐ.బి.ఎం. కంపెనీవారు మొట్టమొదటి డిస్కు చేసినప్పుడు అందులో రెండేసి అడుగుల వెడల్పుగల పళ్ళేలు యాభై ఉండేవి. అంతా కలిపి పట్టేది యాభై లక్షల అక్షరాలు. ఇవాళ అరచేతిలో ఇమిడే డిస్కులో అంతకు లక్షల రెట్లు పడుతుంది. పట్టేది పెరిగింది గాని, తిరిగేదానికి అరుగుదల తప్పలేదు. ఆ టక్ టక్ చప్పుడు ముల్లు దారి తప్పి మళ్ళీ మళ్ళీ వెతుక్కోవడం. మా అత్త పాట కోసం వెతుక్కుంటున్నదన్నమాట.

నెల్లూరు తీసుకుపోయి చూపించాను. విప్పి చూడాలంటే మద్రాసుకో, బెంగుళూరుకో పంపాలనీ, నా రెండు నెలల జీతం అవుతుందనీ, అయినా పూచీ లేదనీ చెప్పారు. పాత ఫోనులోనూ, రికార్డరు చీటీలోనూ మిగిలిన ముక్కలు ఏరుకుంటే అరవై పాటలు దక్కాయి. అందులో మా అత్తవి అయిదు.

ఇంటికి వచ్చి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మా ఆవిడ మాత్రం, "మీ నాయన చనిపోయినప్పుడు కూడా అన్నం మానలేదు, పెట్టె చనిపోతే మానేస్తారా?" అన్నది. ఆ మాటతో అన్నం తిన్నాను.

2018 సంక్రాంతికి, బెంగుళూరులో కంప్యూటరు ఉద్యోగం చేస్తున్న నా శిష్యుడొకడు ఊరికి వచ్చి, పలకరించిపోదామని మా ఇంటికి వచ్చాడు. కాలేజీలో ఉండగా ఛందస్సులో గణాలు విభజించమంటే నిద్రపోయేవాడు. కథంతా విని, "ఒక్క డిస్కును నమ్ముకుని ఎట్టా ఉన్నారు సార్? రెయిడ్ పెట్టుకుందాం" అన్నాడు.

వంటింట్లోంచి మా ఆవిడ గబగబా వచ్చింది. "రెయిడా? మన ఇంట్లోనా? మనకేముందని నాయనా?" అని అడిగింది. ఆదాయపు పన్నువాళ్ళు రారని నచ్చజెప్పి, అరిసెలు పెట్టించేసరికి పావుగంట పట్టింది.

ఈ రెయిడ్ పుట్టినకథ నాకు చాలా నచ్చింది. 1988లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీలో, ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనే ముగ్గురు ఒక వ్యాసం ప్రకటించారు. అప్పట్లో పెద్ద పెద్ద యంత్రాలకు ఖరీదైన పెద్ద డిస్కులు వాడేవారు. వాటి బదులు చవక డిస్కులు అనేకం కలిపి ఒకటిగా పనిచేయించవచ్చు, ఒకటి చచ్చినా మిగిలినవి సంసారం ఈడ్చుకొస్తాయి అన్నది వారి వాదం. ఆ పేరులోని ఒక అక్షరం మొదట 'చవక' అన్న అర్థంలోనే పెట్టారు. తరవాత వాటిని అమ్ముకునే కంపెనీలకు ఆ మాట నామోషీ అయింది కాబోలు, 'స్వతంత్ర' అని మార్చి చెప్పడం వాడుక అయింది. బీదవాళ్ళ ఐకమత్యంగా పుట్టినది స్వతంత్రుల సంఘమైంది.

ఇందులో అంతస్తులు ఉన్నాయి. సున్నా అంతస్తులో రెండు డిస్కులకు పని పంచి, వేగం పెంచుతారు. ఏ ఒక్కటి పోయినా రెండూ పోయినట్లే. దానిని రెయిడ్ అనడమే అన్యాయం. ఒకటో అంతస్తు అద్దం: ఒకదానిలో వ్రాసిన ప్రతి అక్షరమూ అదే క్షణాన రెండోదానిలోనూ పడుతుంది. రెండు డిస్కులు కొని ఒక డిస్కు చోటే వాడుకుంటామన్నమాట. అయిదో అంతస్తులో కనీసం మూడు డిస్కులుండాలి. అక్కడ కిటుకు వేరు. మొదటిదానిలో ఏడు ఉంది, రెండోదానిలో అయిదు ఉంది అనుకోండి. మూడోదానిలో మొత్తం పన్నెండు అని వ్రాసిపెడతారు. ఏడు పోయిందా, పన్నెండులోంచి అయిదు తీసేస్తే ఏడు తిరిగి వస్తుంది. యంత్రం కూడికకు బదులు సరిబేసి లెక్క వాడుతుంది, ఆ మొత్తాన్ని ఒకే డిస్కులో పెట్టక అన్నిటికీ వంతుల ప్రకారం పంచుతుంది - అంతే తేడా. ఇది విన్న మా అమ్మాయి, "మరి రెండు పోతే?" అని అడిగింది. రెండు పోతే లెక్కా పోతుంది.

మనకు అద్దం చాలు అన్నాడు మా వాడు. దానికి వేరే యంత్రభాగం కొనాలా అంటే, వద్దన్నాడు. లినక్స్ ఉన్నదిగదా! 1991లో ఫిన్లండు కుర్రవాడు, లినస్ టోర్వాల్డ్స్ అని, విద్యార్థిగా ఉండగా మొదలుపెట్టి లోకానికి ధర్మంగా ఇచ్చిన సరకు. మా పాత కంప్యూటరులో అదివరకే అది ఉంది, ఖర్చు లేదు గనుక. అందులోనే ఈ అద్దం పని చేసే ఏర్పాటు ఉంది. రెయిడ్ కోసం ప్రత్యేకంగా చేసిన కార్డు కొనుక్కుంటే, పదేళ్ళకు ఆ కార్డు చస్తే అటువంటి కార్డే మళ్ళీ వెతకాలి. లినక్సు అద్దానికి ఆ పీడ లేదు. ఈ డిస్కు ఏ జతలోది, జతలో ఎన్నోది అన్న వివరం ప్రతి డిస్కులోనూ వ్రాసి ఉంటుంది. ఏ ఊళ్ళో ఏ లినక్స్ యంత్రానికి తగిలించినా పోల్చుకుంటుంది.

ఈ మాట వినగానే నాకు ప్రాణం లేచివచ్చింది. మన తాటాకు గ్రంథాలలో ప్రతి ఆశ్వాసం చివరా గద్య ఉంటుంది: ఫలానావారి పుత్రుడు ఫలానా కవి రచించిన ఫలానా ప్రబంధంలో ఇది ఇన్నో ఆశ్వాసం అని. కుర్రతనంలో అది చూసి, ఎంత డాంబికం ఈ కవులకు అని నవ్వుకునేవాణ్ణి. తాడు తెగి ఆకులు చెదిరిపోయినప్పుడు, ఆ గద్య ఉన్న ఆకే గదా తప్పిపోయిన పిల్లవాడి మెడలో చిరునామా బిళ్ళ!

డిస్కులు రెండూ ఒకే చోట కొందామనుకున్నాను, బేరం కుదురుతుందని. శిష్యుడు ఒప్పుకోలేదు. ఒకే కంపెనీలో ఒకే వారం పుట్టిన డిస్కులు ఒకే వారంలో చచ్చే ప్రమాదం ఉందట. అందుచేత ఒకటి నెల్లూరులో, ఒకటి బెంగుళూరులో, రెండు వేరు వేరు కంపెనీలవి, రెండేసి టెరాబైట్లవి కొన్నాము. లినక్స్ ఉన్న చిన్న డిస్కును ముట్టుకోలేదు. పాటలూ ఫొటోలూ మాత్రమే అద్దానికి. అదీ మంచిదే, కంప్యూటరు లేచే దారిలో చిక్కుముళ్ళు పడవు.

జత కట్టే పనిముట్టు పేరు ఎమ్డీ ఆడ్మ్. పలకడానికి నోరు తిరగదుగాని దాని పని అయిదు నిమిషాలు. కొత్త జత కట్టు, అంతస్తు ఒకటి, డిస్కులు రెండు, అవి ఇవీ ఇవీ - అని ఒకే వరుసలో ఆజ్ఞ. ఇందులో ఏమైనా ఉంటే చెరిగిపోతుంది సుమా అని యంత్రం ఒక మాట అడుగుతుంది. అక్కడ మాత్రం ఊపిరి బిగబట్టి, డిస్కుల పేర్లు మూడుసార్లు చదువుకోవాలి. ఔనంటే, ఇక మొదటిదానిని రెండోదానిలోకి ఎత్తివ్రాయడం మొదలవుతుంది. ఖాళీ పళ్ళేన్ని ఖాళీ పళ్ళెంలోకి ఎత్తివ్రాయడానికి అయిదు గంటలు పట్టింది. మా ఆవిడ వచ్చి, "లేనిదాన్ని ఎత్తివ్రాయడానికే ఇంతసేపైతే, ఉన్నదాన్ని ఎప్పటికి వ్రాస్తుంది?" అన్నది. జవాబు నాకు తోచలేదు. శిష్యుడు మాత్రం, అది లోపల ఏముందో చూడదనీ, గడి గడినీ ఎత్తివ్రాస్తుందనీ చెప్పాడు.

ఆ రాత్రి జతకు 'ఎమ్డీ సున్నా' అని నామకరణం చేసి పడుకున్నాము. తెల్లవారి చూద్దును గదా, ఆ పేరుగలవాడు ఇంట్లో లేడు! వాడి స్థానంలో 'ఎమ్డీ నూట ఇరవై ఏడు' అనేవాడెవడో కూర్చుని ఉన్నాడు. నా గుండె జారిపోయింది. శిష్యుడికి ఫోను చేస్తే పకపకా నవ్వాడు. జత వివరం లినక్స్ చిట్టాలో వ్రాసి, అది లేచేటప్పుడు చదువుకునే మూటలో కూడా దాన్ని చేర్చకపోతే, ఇది ఎవరిదో పరాయి జత అనుకుని చివరి నంబరు ఇస్తుందట. చిట్టాలో చేర్చడం వాడే మరిచిపోయాడు. అరిసెల ప్రభావం.

కరెంటును గురించి నాకు భయముండేది. మా ఊళ్ళో దీపం ఎప్పుడు పోతుందో దేవుడికే తెలియాలి. వ్రాస్తూ ఉండగా కరెంటు పోతే ఒక డిస్కులో పడి, రెండోదానిలో పడకపోవచ్చు. అందుకూ ఉపాయం ఉంది. ఫలానా చోట వ్రాయబోతున్నాను అని ముందుగా ఒక గుర్తు వేసుకుని మరీ వ్రాస్తుంది. కరెంటు వచ్చాక మొత్తం పోల్చకుండా, ఆ గుర్తున్న చోట్లు మాత్రమే సరిచూసుకుంటుంది. మా పాత గుమాస్తా ఒకాయన కలం పెట్టే ముందు చిట్టాలో పెన్సిలుతో చిన్న చుక్క పెట్టేవాడు. ఎందుకో ఇప్పుడు అర్థమైంది.

జత క్షేమసమాచారం చూడడానికి ఒక ఫైలు ఉంది. అందులో బ్రాకెట్లలో ఇంగ్లీషు 'యు' అక్షరాలు రెండు పక్కపక్కన కనిపిస్తే దంపతులిద్దరూ క్షేమం. ఒక 'యు' పోయి ఆ చోట గీత పడితే ఒకరు పోయినట్లు. నేను రోజూ పొద్దున కాఫీ తాగుతూ చూసేవాణ్ణి. పదిహేను రోజుల తరవాత వారానికొకసారి. ఆ తరవాత... మీకు తెలుసు మనుషుల సంగతి.

2021 ఏప్రిల్‌లో ఒకరోజు ఎందుకో చూస్తే, గీత! ఎప్పుడు పడిందని తవ్వి చూస్తే, పడి డెబ్భై రోజులైంది. పాటలు యథాప్రకారం పాడుతూనే ఉన్నాయి. అదే ఇందులో ఉన్న మాయ. ఒకటి చచ్చినా రెండోది చప్పుడు చేయకుండా ఇల్లు నడుపుతుంది. ఇంటాయన చూస్తేగదా తెలిసేది! చావుకబురు ఉత్తరం ద్వారా పంపే ఏర్పాటు ఆ పనిముట్టులోనే ఉంది. కాని చిరునామా ఇవ్వకపోతే ఆ ఉత్తరం కంప్యూటరులోనే ఒక మూల, ఎవరూ తెరవని పెట్టెలో పడి ఉంటుంది. నాకు వచ్చిన డెబ్భై రోజుల కిందటి ఉత్తరం అక్కడే దొరికింది. ఈ వ్యాసం చదివి ఎవరైనా అద్దం పెట్టుకునేటట్లయితే, ముందు ఆ చిరునామా ఇచ్చి, ఉత్తరం నిజంగా ఫోనుకు వచ్చిందో లేదో చూసుకుని, తరవాతే పాటలు పోయండి.

చచ్చినదాన్ని తీసి కొత్తది పెట్టాలి. పెట్టె విప్పితే రెండూ నల్లటి ఇటుకల్లా ఒకే తీరున ఉన్నాయి. ఏది చచ్చింది? పొరపాటున బతికినదాన్ని లాగితే? శిష్యుడు ఫోనులో, "సార్, తొందరపడొద్దు. ఒక్కోదాని మీదా చీటీలో నంబరుంటుంది. బతికున్నదాని నంబరు లినక్సే చెబుతుంది. ముందు కాగితం మీద వ్రాసుకోండి" అన్నాడు. కళ్ళజోడు మీద కళ్ళజోడు పెట్టుకుని ఆ చీమతలకాయంత అంకెలు చదివాము, నేనూ మా అమ్మాయీ. కొత్తది పెట్టాక మళ్ళీ అయిదు గంటలు ఎత్తివ్రాత. ఆ అయిదు గంటలూ ఉన్నది ఒకే ప్రతి. అదికూడా ముసలిదై, ఎడతెగకుండా పరుగు పెడుతోంది. టేబులు ఫ్యాను దానివైపు తిప్పి మేమంతా చెమటలు కక్కుతూ కూర్చున్నాము. సాయంత్రం అయిదున్నరకు రెండో 'యు' పడింది. మా ఆవిడ పాయసం చేసింది. నాకోసం గాని డిస్కుకోసం కాదని తరవాత చెప్పింది.

అప్పుడు నాకు గర్వం కలిగింది. ఇక నా పాటలకు చావు లేదనుకున్నాను. ఊళ్ళో ఇద్దరు ముగ్గురికి ఉపన్యాసం కూడా ఇచ్చాను.

2024 జనవరిలో, ఎత్తి చోటు ఖాళీ చేద్దామని కూర్చున్నాను. 'ఉదయగిరి' అని ఒక ఫోల్డరూ, 'ఉదయగిరి కొత్తది' అని మరొకటీ కనిపించాయి. ఒకదానికొకటి నకలు అనుకుని మొదటిదాన్ని చెరిపేశాను. వారం తరవాత ఒక పాట కోసం వెతికితే తెలిసింది - నకలు కాదు. రెండు వందల పది పాటలు!

అద్దం పెట్టుకున్నాను గదా, రెండో డిస్కులో ఉంటుంది గదా అని తెరిచాను. రెండో డిస్కు, ఎంత విధేయత! నేను చెరిపిన క్షణానే తానూ చెరిపేసింది. మనిషి బొట్టు చెరుపుకుంటే అద్దంలో బొట్టు నిలుస్తుందా?

శిష్యుడికి ఫోను చేశాను. కొంచెంసేపు పలకలేదు. "రెయిడ్ వేరు, దాపుడు ప్రతి వేరు అని ఆరోజే చెప్పాను గదా సార్" అన్నాడు. చెప్పాడట. ఛందస్సు పాఠం వాడికెట్లా వినిపించేదో, ఆ మాట నాకూ అట్లాగే వినిపించి ఉంటుంది.

నన్ను ఎక్కువ బాధపెట్టింది పాటలు పోవడం కాదు. ఈ పాఠం నేను ప్రతి ఏటా తరగతిలో చెప్పేదే! పూర్వం లేఖకుడు ఒక ప్రతిని చూసి మరొక ప్రతి వ్రాసేవాడు. చూసిన ప్రతి మాతృక, వ్రాసినది పుత్రిక. మాతృకలో ఒక పాదం జారిపోతే దాని పుత్రికలన్నిటిలోనూ జారిపోతుంది. ఒకే మాతృకకు పుట్టిన పుత్రికలు వంద ఉన్నా, పరిష్కర్త దృష్టిలో అవి వంద సాక్ష్యాలు కావు, ఒకటే సాక్ష్యం. అందుకే బ్రౌన్ దొర కడపలో పండితులను కూర్చోబెట్టి ఒక్కొక్క కావ్యానికీ రకరకాల ఊళ్ళ ప్రతులు తెప్పించాడు. ఒక ఊరి ప్రతిలో పోయిన పద్యం ఇంకో ఊరి ప్రతిలో ఉండేది. అటువంటి రెండో ఊరి ప్రతి లేకపోవడం వల్లనే గదా ఎఱ్ఱన రామాయణం మనకు దక్కలేదు. మహాకవి, రాజాశ్రయం ఉన్నవాడు, అయినా పోయింది. మా నెల్లూరు జిల్లా శాసనాలను బటర్‌వర్త్, వేణుగోపాలశెట్టి గార్లు మూడు సంపుటాలుగా 1905లో అచ్చువేయించారు. రాయి అంత గట్టి వస్తువు మరొకటి లేదు గదా, దానికి కాగితం మీద నకలెందుకని వారు అనుకోలేదు.

ఇదంతా చెప్పే మనిషి, ఒకే పెట్టెలో, ఒకే తీగకు రెండు డిస్కులు కట్టి, ఒకే తలతో రెండింటినీ చెరిపి, రెండు ప్రతులున్నాయని ఏళ్ళ తరబడి నిద్రపోయాడు. ఒక్క పిడుగు చాలు రెండింటికీ. ఒక్క దొంగ చాలు. 2021 నవంబరులో సోమశిల నుంచి నీళ్ళు వదిలితే పెన్న ఒడ్డున ఊళ్ళు ఊళ్ళు మునిగాయి. ఆ నీళ్ళకు పై డిస్కు ఏది, కింది డిస్కు ఏది?

ఇక దక్కినదాన్ని గురించి చెబుతాను. 2022లో నెల్లూరులో మా బావమరిది గృహప్రవేశం చేశాడు. ఫొటోలు నేనే తీశాను. "బావా, ఫొటోలు ఇస్తావా?" అని వాడు అడిగితే, ఒక చిన్న విడి డిస్కు కొని, ఫొటోలు ఏవో ఏరే ఓపిక లేక, నా అద్దంలో ఉన్నదంతా గుండుగుత్తగా అందులో పోసి ఇచ్చాను. పచ్చి సోమరితనం. వాడు దాన్ని బీరువాలో వెండి గిన్నెల పక్కన పెట్టి మరిచిపోయాడు. నేను వెళ్ళి అడిగితే, "దీంట్లో నా ఫొటోలు నూరు ఉంటే నీ ముసలమ్మలు వెయ్యి ఉన్నారేంది బావా?" అన్నాడు. నూట తొంభై మూడు పాటలు అక్కడ దొరికాయి. మా అత్తవి అయిదూ ఉన్నాయి. వాడి బీరువా ముందు నేల మీద కూర్చుని విన్నాను.

రానివి పదిహేడు. గృహప్రవేశం తరవాత తీసినవి. వాటిలో ఒకటి మా ఊరిదే. మా ఊళ్ళో ఖాజా నాయబ్ రసూల్ దర్గా ఉంది. గంధ మహోత్సవానికి ఎక్కడెక్కడి జనమో వస్తారు. దర్గాకు పోయే వీధిలో ఒక దూదేకుల అవ్వ ఉంది. పరుపులు కుట్టే ఇల్లు. దూది ఏకేటప్పుడు వాళ్ళమ్మ పాడే పాట అని ఆమె నాకొక తెలుగు పాట పాడింది. అటువంటిది నేను మరెక్కడా వినలేదు.

ఇప్పుడు నా ఏర్పాటు ఇదీ. అద్దం అట్లాగే ఉంది. డిస్కు చచ్చినరోజున పని ఆగకుండా ఉండడానికి అది దివ్యమైన వస్తువు. దాన్ని నేను తిట్టను, దానితో చేయించుకోకూడని పని అనుకున్నాను గనుక నన్నే తిట్టుకుంటాను. దానికి తోడు విడి డిస్కులు రెండు. నెలాఖరున ఒకటి తగిలించి, తేదీ వేసి కొత్త ఫోల్డరులోకి ఎత్తుకుంటాను. పాత తేదీల ఫోల్డరులు చెరపను. మారని ఫైళ్ళకు మళ్ళీ చోటు తినకుండా ఎత్తివ్రాసే పనిముట్టు, ఆర్‌సింక్ అని, లినక్సులో ఉంది. అయిపోగానే తీగ పీకేస్తాను; తగిలించి ఉంచితే అదీ నా చేతికి అందుతుంది గదా. దాన్ని తువ్వాలులో చుట్టుకుని నెల్లూరు బస్సెక్కుతాను. బీరువాలో ఉన్నదాన్ని తెచ్చుకుని ఇది పెట్టి వస్తాను. రెండు నిముషాల పనికి రోజంతా పోతుందని మా ఆవిడ అంటుంది. ఆ రోజున బావమరిది భార్య చేపల పులుసు చేస్తుందన్న సంగతి ఆమెకు తెలియదనుకోను. తెచ్చుకున్న డిస్కులో ఏదో ఒక పాట తెరిచి పూర్తిగా వింటాను. ఉన్నదని నమ్మడం వేరు, వినడం వేరు. మబ్బుల్లో దాచుకోవచ్చు గదా అని మా అమ్మాయి పోరు. మా ఊరి ఇంటర్నెట్‌లో అంత బరువు పైకి ఎక్కడానికి నెలలు పడుతుంది. అయినా మొదలుపెట్టింది, కానివ్వమన్నాను. ఇవి గాక ప్రతి పాటకూ మాటలు నల్లసిరాతో నోటుబుక్కులో వ్రాస్తున్నాను. ఆ పుస్తకానికి కరెంటు అక్కరలేదు.

క్రిందటి ఆదివారం ఆ దూదేకుల అవ్వ దగ్గరకు మళ్ళీ వెళ్ళాను. పాట పోయిందని చెప్పడానికి సిగ్గుపడుతూనే చెప్పాను. "పోతే పోయిందిలే అయ్యవారా, మళ్ళీ పాడితే సరి" అన్నది. ఇప్పుడు చూపు తగ్గింది, విల్లు పట్టడం లేదు. పక్కనే మనమరాలు మిషను మీద దిండుగలీబులు కుడుతూ ఉంటే, ఆ మిషను చప్పుడుకు తల ఊపుతూ పాడింది. నాకు గుర్తున్నంతలో రెండో చరణం ఇది కాదు. మొదటిసారి అందులో మేనమామ వచ్చాడు. ఈసారి మరిది వచ్చాడు. ఆ మాటే అడిగితే, బోసినోటితో నవ్వి, "అప్పుడు యేం పాడానో నాకేం తెలుసు? ఇప్పుడిది వచ్చింది, రాసుకో" అన్నది.

ఇంటికి వచ్చి 'రెండవ పాఠం' అని పేరు పెట్టి, తేదీ వేసి, ఎత్తుకున్నాను. రేపు నెల్లూరు బస్సు ఏడుంబావుకు.